పాలు మంచివే, బర్రె వేరు

గౌలిపురలో కొమురమ్మ నోటికి జడవని మనిషి లేడు. గడ్డి బండివాడు మోపులు దింపేటప్పుడే రెండు మోపులు ఎక్కువ వేసి పోయేవాడు, తర్వాత ఆమె చేత మాటలు పడేకంటే అదే నయమని. అలాంటి నోరు మూడేళ్ళ పాటు, ప్రతి ఆదివారం రెండు గంటల సేపు, తాళం వేసినట్టు మూసుకుని కూర్చున్నదంటే చూసినవాళ్ళు తప్ప ఇంకెవరూ నమ్మరు. అదీ కులపెద్దలు కట్టడి చేసి కాదు, కోర్టు చెప్పీ కాదు. ఒక వారపత్రికలో వచ్చే కథ కోసం. ఆకాశంలో తిరిగే మనుషుల కథ.

అప్పటికి ఆమెకు నలభై దాటాయి. ఐదు బర్రెలు, రేకుల కొట్టం, దాని వెనక రెండు గదులు. భర్త ఓదెలు మాట తక్కువ మనిషి. తన వాటా మాటలు కూడా పెళ్ళిలోనే పెళ్ళానికి రాసిచ్చాడని ఇరుగుపొరుగు నవ్వేవారు. అతను సైకిల్‌కు క్యాన్లు కట్టుకుని షాలిబండ ఇళ్ళకు పోసి వస్తే, ఆమె క్యాను చంకన పెట్టుకుని హుస్సేనీ ఆలం మీదుగా పురానాపూల్ దాకా నడిచి పోసి వచ్చేది. చదువు లేదు. కానీ ఏ ఇంట్లో ఎప్పుడు పురుడు పోశారో, ఏ ఇంటికి ఏ పండక్కి ఎన్ని పాలు ఎక్కువ పోసిందో, పదేళ్ళ నాటిది కూడా తడుముకోకుండా చెప్పేది.

పాలవాళ్ళ మాటంటే లోకానికి చులకన. గంగలో మునిగి చెప్పినా, ఆ గంగనే పాలలో కలిపారంటారు. కొమురమ్మకు ఆ మాట కారం రాసినట్టు ఉండేది. ఒకసారి చార్‌కమాన్ దగ్గర ఒక హోటల్ సేటు పదిమంది ముందర ఆమె పాలలో వేలు ముంచి, ఆ వేలు చూసి నవ్వాడు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. నిండు క్యాను అతని గడప ముందే బోర్లించి, ఖాళీ క్యాను చంకన పెట్టుకుని వచ్చేసింది. ఆ పాలు మెట్ల మీద తెల్లగా, చిక్కగా పారుతుంటే పక్క దుకాణాల వాళ్ళు బయటికొచ్చి చూశారు. సేటు తర్వాత మనిషిని పంపినా ఆమె మళ్ళీ ఆ దిక్కు పోలేదు. తన మాట నిజమని పదిమందిలో నిలబడడం కన్నా ఆమెకు పెద్ద ఆస్తి లేదు, ఉందనుకోనూ లేదు.

ఇక కథ సంగతి. అదే గల్లీలో కిరాయికుండే అమరనాథ్ కరెంటాఫీసులో గుమాస్తా. ఒక సాయంత్రం పాల కోసం వచ్చి, పిండడం అయ్యేదాకా కొట్టం అరుగు మీద కూర్చుని వారపత్రిక చదువుకుంటున్నాడు. చదువుతూ తనలో తానే నవ్వుకున్నాడు. కొమురమ్మకు ఒకరు నవ్వి తనకు చెప్పకపోతే తోచదు.

"ఏంది సారూ, ఒక్కనివే నవ్వుతున్నవ్. జెర గట్టిగ చదువు, బర్రెలన్న వింటయి," అంది.

అలా మొదలైంది. డెబ్భై ఒకటో సంవత్సరంలో. పత్రిక గురువారం వచ్చేది. అమరనాథ్ దాన్ని దాచి ఉంచి, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, సాయంత్రం పాలు పిండే వేళ దాకా కొట్టంలో చదివి వినిపించేవాడు. సీరియల్ పేరు 'తోకచుక్క దారి'. రాసేది గగనవాసి. అది కలం పేరే, అసలు మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. కెప్టెన్ ప్రభంజన్ అని ఒకాయన ఆకాశనౌకలో గ్రహం తర్వాత గ్రహం తిరుగుతుంటాడు. ఆయన వెంట ఎప్పుడూ ఒకరు ఉంటారు. ఆ ఒకరు ఏడాదికో రెండేళ్ళకో మారిపోతారు. కొట్టంలో ఆ మనిషికి జతమనిషి అని పేరు పెట్టుకున్నారు. మొదటి జతమనిషి రేవతి, రేడియో పని చేసే పిల్ల. తర్వాత భీమసేనరావు, పింఛను పుచ్చుకున్న పోస్టుమాస్టరు, తిండిపోతు. ఏ గ్రహం మీద దిగినా ముందు అక్కడేం తింటారని అడిగేవాడు. కొట్టంలో అతనికి మస్తు అభిమానులు.

వినేవాళ్ళు ఐదారుగురు వచ్చిపోతుండేవారు గాని, కొట్లాడేది మాత్రం ఇద్దరే. కొమురమ్మ ఒకరు, సీమోను ఒకరు. సీమోను బస్సు డిపోలో ఫిట్టరు. ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి పోయి, తిని, ఉతికిన చొక్కా మీదే కొట్టానికి వచ్చేవాడు. కథలోని మిషన్లన్నీ తన సొంతం అన్నట్టు మాట్లాడేవాడు. రేవతిని మంచు గ్రహం మీద వదిలేసి కెప్టెన్ వెళ్ళిపోయిన వారం వీళ్ళిద్దరి లొల్లికి బర్రె ఒకటి పాలు ఎగబట్టింది.

"ఉన్న ఇంధనానికి ఇద్దరి బరువు మొయ్యదక్కా. లెక్క చూసే వదిలిండు," అన్నాడు సీమోను.

"మీ డిపోల గట్లనే చేస్తరా? డీజిల్ తక్కువైతే ఆడోళ్లను నడిమిట్ల దింపి పోతరా?"

ఆ వారం కొమురమ్మ అమరనాథ్‌కు కూడా పాలు మొహం చూడకుండా పోసింది, రేవతిని అతనే వదిలేసి వచ్చినట్టు.

డెబ్భై ఐదు ఎండాకాలంలో భీమసేనరావు ఉన్నట్టుండి ఒక గ్రహంలో దిగిపోయాడు. ఒక్క పేరాలో. అక్కడి వంట నచ్చిందట, ఉండిపోతాడట. అతని స్థానంలో గంగ వచ్చింది. నూతులు తవ్వే కుటుంబంలో మనిషి, విధవ, అక్షరం ముక్క రాదు. కరువులో నీళ్ళు వెతుక్కుంటూ, తెరిచి ఉన్న ఆకాశనౌకను పంపుషెడ్డు అనుకుని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. సీమోనుకు ఆ మనిషి గొంతు దిగలేదు.

"మీటరు చూసుడు రానామెను తీస్కపోయి ఏం చేస్తడు కెప్టెన్? ఊడ్పిస్తడా?" అన్నాడు.

కొమురమ్మ ఆ రోజేమీ అనలేదు. అందరికీ ఆశ్చర్యమైంది. మూడు వారాలు విన్నది. మూడో వారం చదవడం అయిపోయాక, గడ్డి కోస్తున్న కత్తి పక్కన పెట్టి అంది.

"సారూ, రాసెటోడు మారిండు."

అమరనాథ్ పత్రిక తిప్పి చూపించాడు. "అట్లెట్లయితదమ్మా? పేరు అదే ఉన్నది."

"పేరు క్యాను మీద రాసుకునేది. లోపల పోసింది వేరు."

"అంటే నీళ్లు కలిపిన్రంటవా?" సీమోను నవ్వాడు.

"నీళ్లని నేనెప్పుడన్న? పాలు మంచియే. బర్రె వేరు."

అందరూ నవ్వారు. కొమురమ్మ నవ్వలేదు. వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టింది. "పాత రాతగాడు జతమనిషిని ఎందుకు పెట్టుకున్నడు? అడుగుటానికి. కెప్టెన్ అదేంది, కెప్టెన్ ఇదేంది అని రేవతి అడుగాలె, ఆయన చెప్పాలె. పోస్టుమాస్టరు గంతే. గంగ ఏమన్న అడుగుతదా? అది దాని పని అది చేస్తది, కెప్టెనే దాన్ని అడుగుతడు. ఇంకోటి. నాలుగేండ్లు ఆ ఓడల తిరిగిన్రు, ఒక్కనాడన్న గిన్నెలెవరు తోమిన్రో ఉన్నదా? ఇప్పుడు తోముటానికి బూడిద యాడికెల్లి తేవాలెనన్న ఫికర్ కూడ రాసిన్రు. మొదటాయన యుద్ధం రాస్తే నా గుండెలు దడదడమనేటియి. ఈ మనిషి యుద్ధాన్ని రెండు ముక్కల్ల తోసేసి, యుద్ధమైనంక ఎవరు ఏడ్చిన్రో అది రాస్తది."

"రాస్తది అంటున్నవ్. ఆడామె అంటవా ఏంది?" సీమోను అడిగాడు.

"ఎవరో నాకేం తెలుసు. ఆయన మాత్రం కాదు."

ఆరు నెలలు ఆదివారం ఆదివారం ఇదే తగువు. సీమోనుకు ఇది ఆట కాదు. గగనవాసి అంటే అతనికి గురి. డిపోలో ఆయిల్ మసిలో పొద్దంతా గడిపే మనిషికి ఆకాశం చూపించినవాడాయన. ఆయన పేరు పెట్టుకుని ఇంకెవరో రాస్తున్నారనడం, ఆయన్ను దొంగ అన్నట్టే వినపడింది. కార్తీకంలో ఒక ఆదివారం మాట జారాడు.

"ఊకోక్కా. పాలోళ్లకు అన్నిట్ల కల్తీయే కనపడ్తది."

ఓదెలు కూడా తలెత్తి చూశాడు. సీమోనుకు వెంటనే నాలుక కరుచుకోవాలనిపించింది గాని, అన్నమాట వెనక్కి రాదు కదా. కొమురమ్మ లేచి నిలబడింది.

"పత్రికోళ్లకు ఉత్తరం రాయిన్రి సారూ. నేను చెప్తా, మీరు రాయిన్రి. రాసెటోడు మారిండా లేదా చెప్పమనున్రి. నా మాట తప్పయితే, ఈ కథ నడిచినన్ని రోజులు చదివే యాళ్లకు నేను నోరు తెరువ. ఈయన మాట తప్పయితే ఈయన తెరువొద్దు. మంజూరేనా?"

"మంజూర్," అన్నాడు సీమోను.

ఆ పత్రికలో పాఠకుల సందేహాలకు ఒక పేజీ ఉంది. కథల మీద ఎవరు ఏం అడిగినా వేసి, రచయిత నుంచి జవాబు తెప్పించి కింద అచ్చు వేసేవారు. అమరనాథ్ సీరియల్ పేజీలు చించి, ఏడాదికొకటిగా బైండు చేయించి పెట్టుకున్నాడు. వాటిని ముందేసుకుని, వారం రోజులు కూర్చుని ఏ సంచికలో ఏముందో అంకెలతో సహా తీశాడు. వచ్చే ఆదివారానికి ఇన్‌లాండు ఉత్తరం సిద్ధమైంది. కొమురమ్మ చెప్పిన రుజువులన్నీ అందులో ఉన్నాయి. పత్రికవాళ్ళు చదివితే కుర్చీలో సర్దుకుని కూర్చోవలసిందే, అంత గట్టిగా కుదిరింది. మర్నాడు డబ్బాలో వేస్తానని అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ఆ వారం భాగం చదవడం మొదలుపెట్టాడు.

బూడిదరంగు గడ్డి మొలిచే గ్రహం. అక్కడి పసిపిల్లలు ఆరుకాళ్ళ జంతువు పాల మీద బతుకుతారు. ఆ జంతువు పిల్ల చచ్చిపోయింది, తల్లి పాలివ్వడం మానేసింది. కెప్టెన్ మిషన్లన్నీ పెట్టి చూశాడు, చుక్క రాలేదు. అప్పుడు గంగ చచ్చిన పిల్ల తోలు ఒలిపించి, అందులో గడ్డి కూరి కుట్టి, తల్లి ముందు నిలబెట్టింది. తల్లి వాసన చూసి ముఖం తిప్పుకుంది. గంగ తను కట్టుకున్న చీర కొంగు చించి, ఆ బొమ్మ మెడకు చుట్టింది. ఆ పూట మేత పెట్టింది గంగే. ఆ చేతి వాసన తెలిసిన తల్లి బొమ్మను నాకడం మొదలుపెట్టింది. పాలు చేపింది.

"మనోళ్ల పనే ఇది. గడ్డి దుడ్డె," అన్నాడు ఓదెలు. అతను కథ మీద నోరు విప్పడం అదే మొదలు, అదే ఆఖరు.

నిజమే, దుడ్డె చచ్చిన బర్రెకు తోలులో గడ్డి కూరి ఎదురుగా నిలబెట్టడం గౌలిపురలో ప్రతి కొట్టంలో ఉన్నదే. కానీ చీర కొంగు కట్టడం ఏ కొట్టంలోనూ లేదు. అది కొమురమ్మ సొంత ఉపాయం. మొన్న వానాకాలంలో ఆమె నల్లబర్రె గడ్డి దుడ్డెను కొమ్ముతో ఎత్తి అవతల పడేస్తే, దిక్కుతోచక తన చీర చింపి కట్టింది. పాలు కుదురుకునేదాకా మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ పాలెందుకు తక్కువయ్యాయని అడిగింది ఒక్క మనిషి. ఆ మనిషికే గడప దగ్గర నిలబడి ఈ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. పురానాపూల్ మాణిక్యమ్మకు.

కొమురమ్మ చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. చదవడం ముగిశాక అమరనాథ్ దగ్గరికి వచ్చి, "ఉత్తరం రేపు వెయ్యకుండ్రి సారూ. ఒక్కటి చూసి చెప్తా," అంది. సీమోను నవ్వి, అక్కకు భయమైందన్నాడు.

సోమవారం పొద్దున మాణిక్యమ్మ ఎప్పటిలాగే గిన్నె పట్టుకుని గడపలోకి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, మెల్లగా మాట్లాడేది. భర్త బళ్ళో గుమాస్తాగా చేసి మానుకున్నాడని, నడుం నొప్పితో లేవలేకుండా ఉన్నాడని కొమురమ్మకు తెలుసు. అంతకు మించి తెలియదు. పాలు పోస్తూ, తల ఎత్తకుండానే అంది.

"అమ్మా, ఆరుకాళ్ల దానికి నా చీర కట్టిన్రు మీరు."

మాణిక్యమ్మ కాదనలేదు. కొమురమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

లోపలి గదిలో మంచం మీద మనిషి ఉన్నాడు. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. కళ్ళు మాత్రం తెలివిగా కొమురమ్మను చూశాయి. మంచం పక్కన పీట మీద కాయితాలు, కలం.

"నడుం నొప్పి కాదు కొమురమ్మా, పక్షవాతం. ఎండాకాలం మొదట్ల పడిపోయిన్రు. నాలుగు రోజుల్ల వారం భాగం పంపాలె. సగం రాసి ఉన్నది. ఆయన చిత్తు రాస్తరు, మొదటినుంచి శుద్ధప్రతి ఎత్తిరాసేది నేనే. అందుకే పత్రికోళ్లకు దస్తూరీ తేడా తెల్వలేదు. మిగిలిన సగం నేనే రాసి పంపిన." మాణిక్యమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "భీమసేనరావు మాటలు నాకు రాలేదు. ఎంత రాసినా నవ్వు రాలేదు. ఆయన మనిషిని పాడుచేసుడెందుకని దింపేసిన. నాకు తెలిసిన మనిషిని ఎక్కించిన."

మిగతాది కూడా మాణిక్యమ్మే చెప్పింది. ఆ కథ మీద వచ్చేదానితోనే పొయ్యి వెలుగుతోంది. తెలిస్తే పత్రికవాళ్ళు ఆపేస్తారు. దానికన్నా పెద్దది ఇంకోటి ఉంది. రాసింది వారం వారం ఆయనకు చదివి వినిపిస్తుంది. బాగుంటే చూస్తూ ఉంటాడు, బాగాలేకపోతే కళ్ళు మూసుకుంటాడు. మూసుకుంటే మళ్ళీ రాస్తుంది.

"డాక్టరు ఆరు నెలలన్నడు. ఆరు దాటింది. తరువాత ఏమైతదో వినాలనే ఉన్నట్టున్నరు ఆయన," అంది.

తిరిగి వస్తూ కొమురమ్మ దారి పొడుగునా ఏడ్చింది. జాలితోనే ఏడ్చిందనుకుంటే అది సగమే నిజం. మిగతా సగం ఏడుపు తన కోసం. అక్షరం రాని తను, అందరూ నవ్వినా, వట్టి చెవులతో పట్టుకున్న నిజం. రూపాయికి పదహారణాల నిజం. పాలోళ్లకు కల్తీయే కనపడ్తదన్న నోటి మీద కొట్టగల నిజం. అది అమరనాథ్ జేబులో ఇన్‌లాండు ఉత్తరంలో ఉంది. డబ్బాలో పడితే చాలు, పదిమందిలో ఆమె మాట నిలబడుతుంది. ఆ పొద్దు పోయవలసిన రెండు ఇళ్ళు మరిచిపోయి ఇల్లు చేరింది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె పాలు పోసే ఇల్లు మరిచిపోవడం అదే మొదలని ఓదెలు తర్వాత అన్నాడు.

ఆదివారం అందరూ వచ్చాక, పత్రిక తెరవకముందే అంది.

"ఉత్తరం చింపెయ్యిన్రి సారూ. నేనే తప్పు. రాసెటోడు ఒక్కడే."

అమరనాథ్ నోరు తెరిచాడు. "ఇన్ని రుజువులు..."

"రుజువులు కావు, ఏం కావు. గడ్డి దుడ్డె సంగతి ఆయనకు తెలుసు, గిన్నెలు తోముడు తెల్వదా? నాకే సమజ్ గాలె."

సీమోను గెలిచినందుకు తొడ కొట్టుకోవలసింది. కానీ అతని ముఖంలో సంతోషం కన్నా అయోమయమే ఎక్కువ ఉంది. "పాలోళ్లని నేనన్నందుకు కోపం పెట్టుకున్నవా అక్కా? మాట జారింది. మాఫ్ చెయ్యి," అన్నాడు. కొమురమ్మ తల అడ్డంగా ఊపి, గోడకు ఆనుకుని కూర్చుంది. నోరు మూసింది.

మొదటి నెల అందరూ తమాషాగా చూశారు. గంగ పాము గ్రహంలో ఒంటరిగా చిక్కుకున్నప్పుడు అమరనాథ్ కావాలని ఆగి ఆమె వైపు చూశాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. రెండో నెలకు తమాషా పోయింది. సీమోను ఒక్కడే వాదించి, ఒక్కడే జవాబు చెప్పుకుని, విసుగుపుట్టి ఊరుకునేవాడు. ఉప్పు లేని కూర తిన్నట్టుందని ఒకసారి పైకే అన్నాడు. ఏడాది తిరిగాక షరతు ఎత్తేశానన్నాడు, బతిమాలాడు. ఆమె వినలేదు. తన నోటి సంగతి ఆమెకు తెలుసు. ఒక మాట వదిలితే దాని తోక పట్టుకుని అసలు మాట వచ్చేస్తుంది.

ఈలోగా గల్లీలో ఇంకో మాట పుట్టింది. ఎక్కడ తగువొచ్చినా, కొమురమ్మ ఏమన్నా, "కథ సంగతి కూడ గిట్లనే గట్టిగ చెప్పినవ్ గద," అనేవారు. ఒకప్పుడు ఆమె సాక్ష్యానికి తిరుగుండేది కాదు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమె ముఖం చిన్నబోయేది. అయినా ఆ మాటలు పడింది.

కానీ నోరు ఆదివారమే మూత. సోమవారం పొద్దున పురానాపూల్‌లో తెరుచుకునేది. పాలు పోసే గిన్నె చల్లారిపోయేదాకా గడపలో కూర్చుని, కొట్టంలో మింగినదంతా అక్కడ కక్కేది. "అమ్మా, గంగ అంత తొందరగ మాఫ్ చేస్తదా? నాలుగు రోజులు మాట్లాడనియ్యకుండ్రి." "అమ్మా, కెప్టెన్‌ను మరీ అమాయకుణ్ణి చేస్తున్రు, సీమోనుకు మండుతున్నది." మాణిక్యమ్మ మొదట నొచ్చుకునేది, తర్వాత కలం తెచ్చుకునేది. మూడు నాలుగు వారాలకు ఆ మాటలు అచ్చులో తిరిగి కొట్టానికి వచ్చేవి. సీమోను తొడ మీద చరిచి, "గిదీ రాత. చూసినవా అక్కా, గంగ నాలుగు రోజులు మాట్లాడలే. ఆయన తప్ప ఎవరు రాస్తరు గిట్ల?" అనేవాడు. మీటరు చూడరాదని గంగను తిట్టిన మనిషే, ఆమెకు జ్వరమొస్తే వారమంతా డిపోలో దిగులుగా తిరిగాడు. కొమురమ్మ గడ్డి కోస్తూ తల వంచుకునేది. నవ్వు ఆపుకోవడానికో, ఏడుపు ఆపుకోవడానికో ఆమెకే తెలిసేది కాదు.

డెబ్భై ఎనిమిది చివర్లో మాణిక్యమ్మ భర్త పోయాడు. పత్రికలో ఫొటో వేసి, తుదిశ్వాస దాకా కలం వదలని గగనవాసి అని రాశారు. ఆయన లేని 'తోకచుక్క దారి' ఉండదని, సీరియల్ ఇంతటితో నిలిపేస్తున్నామని రాశారు. గంగ అప్పుడు నీళ్ళు లేని గ్రహంలో నుయ్యి తవ్వుతూ ఉంది. అక్కడే ఆగిపోయింది.

ఆ ఆదివారం సీమోను పిల్లవాడిలా ఏడ్చాడు. కొమురమ్మా ఏడ్చింది. అది చూసి అతనికి కోపమొచ్చింది.

"ఇప్పుడు ఏడ్చి ఏం లాభం? ఆయన రాసింది ఆయనది కాదన్నవ్ ఒకనాడు. పోయిన మనిషి, జెర తప్పయిందని అనుకో."

"తప్పయింది," అంది కొమురమ్మ, చేతులు జోడించి. అంతే.

మర్నాడు ఆ మాట మాణిక్యమ్మకు చెప్పలేదు. కర్మకాండల ఇంట్లో ఏం చెప్తుంది. కానీ నెల తిరిగాక ఒక పొద్దున గిన్నె పట్టుకుని వచ్చిన మాణిక్యమ్మతో, "అమ్మా, మా కొట్టంలోళ్లు గంగ కాడనే ఉన్నరు. ఆదివారం పత్రిక లేకున్నా వచ్చి కూర్చుంటున్నరు. దాన్ని నూతిల వదిలేసుడు పాపం," అంది. మాణిక్యమ్మ గిన్నె లోపల పెట్టి వచ్చింది. తర్వాత, "వదిలేయలేదు కొమురమ్మా. రాస్తనే ఉన్న. వినెటందుకు ఎవరు లేరు," అంది.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం మాణిక్యమ్మ రిక్షా దిగి కొట్టంలోకి వచ్చింది. కొమురమ్మ ఆమెను పురానాపూల్ అమ్మ, మన పాలు పోసే ఇల్లు అని మాత్రమే చెప్పింది. అమరనాథ్ తన స్టూలు ఇచ్చాడు. ఆమె చీర మడతలోంచి నోటుబుక్కు తీసి, మెల్లని గొంతుతో చదవడం మొదలుపెట్టింది.

గంగ తవ్వుతోంది, యాభై గజాలు దిగింది. నీళ్ళు పడలేదు. కెప్టెన్ వెళ్ళిపోదామన్నాడు. మీరు పొండి, నీళ్ళు పడేదాకా నేను రాను అంది గంగ. కెప్టెన్ నౌక దాకా పోయాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు. మళ్ళీ వచ్చి, చొక్కా విప్పి పక్కన పెట్టి, నూతిలోకి దిగి రెండో గడ్డపార అందుకున్నాడు. అన్నేళ్ళలో మొదటిసారి కెప్టెన్ ఇంకొకరికి జతమనిషి అయ్యాడు.

చదవడం అయ్యాక సీమోను స్టూలు దగ్గరికి జరిగాడు.

"అమ్మా, ఇది ఆయన రాసి దాచిపెట్టిందా? మీకెట్ల దొరికింది?"

"ఆయన రాసింది కాదు నాయనా. ఆయన నా భర్త. ఆయన పోయినంక నేను రాసిన. రేవతి, భీమసేనరావు ఆయన మనుషులు. గంగ వచ్చినకాడినుంచి నేనే." మాణిక్యమ్మ కొమురమ్మ వైపు చూసింది. "ఆమెకు తెలుసు."

సీమోను మెల్లగా తల తిప్పాడు. కొమురమ్మ వాళ్ళకు వీపు పెట్టి కుడితి కలుపుతోంది.

"ఎప్పటిసంది తెలుసక్కా?"

"ఉత్తరం చింపమన్ననాటిసంది."

అతను గోడ పట్టుకుని కూర్చున్నాడు. మూడేళ్ళ ఆదివారాలన్నీ అతని ముఖం మీదుగా పోయాయి. చేతులు జోడించి నిలబడ్డ కొమురమ్మ కూడా. కాసేపటికి అన్నాడు, "షరతు నేను ఓడిన. మూడేండ్లు నువ్వు ఊకున్నవ్. ఇగ నేను నోరు తెరువ."

కొమురమ్మ చేతులు కడుక్కోకుండానే ఇటు తిరిగింది. "తెరువకుంటే నా ఉసురు తగుల్తది చూడు. నోరు మూస్కోని బతుకుడు ఎంత నరకమో నీకేం తెలుసు? పగోనికి కూడ వద్దు. నువ్వు గిట్ల ఊకుంటే నేనెవరితోని కొట్లాడాలె తమ్మీ?"

సీమోను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఒకసారి మాణిక్యమ్మను చూశాడు, ఒకసారి నోటుబుక్కును చూశాడు.

"అమ్మా, ఏమనుకోకుండ్రి," అన్నాడు. "యాభై గజాల లోతుకు దిగినోళ్లకు గాలి ఎట్ల ఆడింది? పంపు పెట్టినట్టు రాయలె మీరు."

మాణిక్యమ్మ గాభరాగా పేజీలు తిప్పబోయింది. కొమురమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపి, కింద చతికిలబడి కూర్చుంది.

"అగో, షురూ చేసిండు. ఆమె నీళ్ల కోసం దిగింది, మీ డిపో తనిఖీకి కాదు. చెప్తా ఉండు."

ఆ సాయంత్రం షాలిబండ ఇళ్ళకు పాలు గంట ఆలస్యంగా చేరాయి.